కాటా బాబాయిగారు చెప్పినవి, నేను చెప్పనిది

మంగళవారం పొద్దున్న మా పాత మిల్లు హమాలీ మేస్త్రీ ఫోన్ చేశాడు. "కాటా బాబాయిగారు పోయారండి. ఏలూరులో, వాళ్ళింట్లోనే. నిద్రలోనే పోయారంట," అన్నాడు. నేను "ఊఁ" అన్నాను. అతను, "వింటున్నారా అండీ?" అన్నాడు. వింటూనే ఉన్నాను. ఇంకో మాట రాలేదు. నా సంగతి మొదటినుంచీ అంతే.

రాయడం కూడా నాకు అలవాటు లేదు. మా ఊరి బళ్ళో ఎనిమిదో తరగతి వరకూ చదివాను. అయినా ఆయన గురించి రాయాలి. నోటితో చెప్పాల్సిన రోజున చెప్పలేదు కనక.

గుండుగొలను దాటాక హైవే పక్కన ఉండేది మా రైస్ మిల్లు. గేటు లోపలే కాటా. ధాన్యం బండి వస్తే నిండుగా ఉన్నప్పుడు ఒకసారి తూస్తారు. సరుకు దింపాక ఖాళీ బండిని మళ్ళీ తూస్తారు. ఆ రెంటికీ మధ్య తేడాయే రైతు ధాన్యం. పక్కన ఒక చిన్న గది, చీటీ అందించడానికి ఒక కిటికీ. ఆ గదిలో బాబాయిగారు ఉండేవారు. ఎవరికీ బాబాయి కాదు, అందరూ అలా పిలిచేవాళ్ళు. నన్ను ఆయనకి సాయంగా వేశారు. లోపల రెండు కుర్చీలు వేస్తే కాళ్ళు చాపుకోడానికి చోటుండేది కాదు. బయట ఎవరైనా గట్టిగా మాట్లాడితే నేను రిజిస్టరులోకి తల దించేసేవాణ్ణి.

"మిషను పని రెండ్రోజుల్లో వచ్చేస్తుందిరా. మనుషులతోనే కాస్త టైము పడుతుంది," అనేవారు. ఏ లారీ వచ్చినా కిటికీలోంచి కేకెయ్యరు. లేచి బయటికెళ్ళేవారు. డ్రైవరుని "ఏవండీ, ఎక్కణ్ణుంచి వస్తన్నారు? టిఫిన్ అయ్యిందా?" అని అడిగాకే బండి సంగతి. ఒకసారి తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన డ్రైవరొకాయన గంటన్నర లైన్లో ఉన్నానని మీదమీదకొచ్చాడు. బాబాయిగారు మధ్యలో ఒక్క మాట అనలేదు. కుండలోంచి గ్లాసుడు మంచినీళ్ళు ముంచి ఇచ్చారు. తాగాక ఆయన గొంతు సగానికి తగ్గింది. తర్వాత నాతో, "నీళ్ళు తాగుతా ఎవడూ తిట్టలేడు కదరా. ఆ కాస్త సందే మనకి," అన్నారు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

ధాన్యం దింపాక హమాలీలు ఖాళీ బండెక్కి గేటు బయట టీ కొట్టు దాకా వచ్చేవాళ్ళు. అదొక అలవాటు. దారిలో కాటా. వాళ్ళు దిగకుండా తూస్తే ఖాళీ బండి బరువు ఎక్కువ చూపిస్తుంది, అంత ధాన్యమూ రైతుకి తగ్గిపోతుంది. బాబాయిగారు వాళ్ళని ఎప్పుడూ దిగమనలేదు. "ఒకసారి ఇలా వచ్చి అంకె చూడండర్రా, సరిగ్గా ఉందో లేదో," అనేవారు. పెద్దరికం ఇచ్చినట్టుండేది. అందరూ దిగి కిటికీ దగ్గర మూగేవాళ్ళు. ఆ లోపల ఆయన తూచేసేవారు.

ఆరోజు మధ్యాహ్నం ఆయన అన్నానికి వెళ్ళారు. గదిలో నేనొక్కణ్ణే. మండవల్లి వైపు రైతొకాయన ధాన్యం దింపించి వేరే పని మీద వెళ్ళిపోయాడు. ఖాళీ బండి కాటా ఎక్కింది. మీద ఆరుగురు.

"కొంచెం... దిగండి," అన్నాను. నాకే వినపడలేదు.

"ఏం అబ్బాయిగారూ, మమ్మల్ని కూడా బస్తాల్లెక్కన తూస్తారా?" అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు. బటన్ నొక్కేశాను. చీటీ వచ్చేసింది.

మర్నాడు ఆ రైతు వచ్చి మిల్లు షావుకారుగారి ఎదుట నిలబడ్డాడు. "నా ఇంట్లో నేను లెక్కెట్టుకున్న బస్తాలండీ. ఐదు బస్తాలు ఎక్కడికెళ్ళినట్టండీ?" అన్నాడు. షావుకారుగారు మా ఇద్దర్నీ పిలిపించారు. "ఆ టైములో కాటా మీద ఎవరున్నారు?"

బాబాయిగారు నా వైపు చూశారు. చాలాసేపు చూశారనిపించింది. నేను నేల చూశాను. అప్పుడు ఆయన, "నేనేనండి. పొరపాటు పడ్డాను," అన్నారు.

"పొరపాటా, చేతివాటమా?" అన్నాడు రైతు.

షావుకారుగారు రైతుకి ఆ ధాన్యం తాలూకు డబ్బు ఇప్పించేశారు. బాబాయిగారిని కాటా మీంచి తీసి గేటు దగ్గర వేశారు. ఆయన కుర్చీ నాకిచ్చారు. రైతు ఊరుకోలేదు. కొల్లేరు ఊళ్ళన్నీ తిరిగి, ఫలానా మిల్లు కాటా ఆయన దొంగ అని చెప్పాడు. ఆ మాట ఆయనకి అంటుకుపోయింది.

సాయంత్రం గేటు దగ్గర ఆయన పక్కన నిలబడ్డాను. ఆయనే, "నువ్వు మాట్లాడతావేమోనని చూశానురా," అన్నారు. కోపంగా అనలేదు. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

పదకొండేళ్ళు ఆయన గేటు దగ్గర, నేను గదిలో. ఆ ఏళ్ళలోనే నాకు మాట్లాడటం వచ్చింది, ఆయన దగ్గరే. బండ్లు లేనప్పుడు వచ్చి, "ఇందాక ఆయన్ని అలా కాదురా, పేరెట్టి పిలిచి చెప్పాల్సింది," అనేవారు. "కాదు అని చెప్పాల్సొస్తే ముందే చెప్పెయ్యి. గంట కూచోబెట్టి కాదంటే ఆ గంటకి కూడా తిడతాడు," అనేవారు. డ్రైవర్లు నన్ను మంచాయన అనడం మొదలెట్టారు. అలా అన్నప్పుడల్లా ఆ గది గోడలు ఇంకాస్త దగ్గరకొచ్చినట్టుండేది. చెబితే కుర్చీ పోతుందని కాదు. మొదటిరోజు చెప్పని మాట రెండోరోజుకి బరువెక్కింది. ఏడాదికి అసలు ఎత్తలేనంతయింది.

ఆయన రిటైరయ్యాక షావుకారుగారి అబ్బాయి మిల్లు చూసుకునేవారు. ఒకసారి స్టాఫందరికీ క్లాసు పెట్టించారు. ఎవరో సారు వచ్చి, తెర మీద బొమ్మలు వేసి, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి, మాట పూర్తిగా వినాలి, తప్పు జరిగితే మనమే ముందు ఒప్పుకోవాలి అని చెప్పారు. చివర్లో అబ్బాయిగారు నన్ను చూపించి, "ఈయన కస్టమర్లతో బాగా మాట్లాడతారండీ. మీరెలా నేర్చుకున్నారో చెప్పండి," అన్నారు. లేచాను. బాబాయిగారి పేరు నోటిదాకా వచ్చింది. ఆ పేరు చెబితే ఎవరో ఒకరు ఐదు బస్తాల సంగతి ఎత్తుతారు. అప్పుడు నిజం చెప్పాలి. "పని చేస్తా ఉంటే అదే వచ్చిందండి," అని కూచున్నాను. చప్పట్లు కొట్టారు.

బాబాయిగారు ఏలూరులో ఇంకా ఉన్నారప్పటికి. బస్సెక్కితే అరగంట. వెళ్ళలేదు.

పోయిన రోజున వెళ్ళాను. జనం బాగానే వచ్చారు. నా ముందున్న ఇద్దరిలో ఒకాయన, "మనిషి మంచాయనేనండి, ఆ కాటా గొడవ ఒక్కటీ లేకపోతే," అన్నాడు. రెండో ఆయన తలూపాడు. నేను వాళ్ళ వెనకే నిలబడి ఉన్నాను. అప్పుడూ నోరు లేవలేదు.

రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు మండవల్లి వెళ్ళాను. ఆ రైతు ఇప్పుడు ముసలాడు. పొలం చెరువు చేశాడు. గట్టు మీద చేపల మేత బస్తాలు సర్దుతున్నాడు. నేనెవరో చెప్పుకుని, మాట తడబడుతున్నా ఆపకుండా మొత్తం చెప్పాను. ఆయన బస్తా మీద కూలబడ్డాడు.

"ఏవండీ, మరి ఇన్నేళ్ళూ ఏ తప్పూ లేని ఆయన్నా నేను దొంగన్నది?"

"అవునండి."

"మీరేమో ఊరుకున్నారు."

"అవునండి."

ఆయన నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి చొక్కా తొడుక్కుని, "పదండి వాళ్ళింటికి. నేనన్న మాట నేను వెనక్కి తీసుకోవాలి. మీది మీరు చెప్పుకోండి," అన్నాడు.

ఏలూరులో బాబాయిగారి భార్య, పిన్నిగారు, వీధి అరుగు మీద బియ్యం ఏరుకుంటున్నారు. రైతు ముందు దణ్ణం పెట్టి తన మాట చెప్పి క్షమించమన్నాడు. తర్వాత నేను చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపలేదు. ఆశ్చర్యపోయినట్టూ లేదు, తెలిసినట్టూ లేదు. చేట పక్కన పెట్టి కొంగుతో చేతులు తుడుచుకున్నారు.

"ఆయనకి ఎండ పడేది కాదు నాయనా," అన్నారు. "గేటు దగ్గర వేశాక మెడ వెనకంతా కమిలిపోయేది. రాత్రి ఇంటికొచ్చాక కొబ్బరినూనె రాసేదాన్ని. ఏమైందండీ అంటే, ఏం లేదులే అనేవారు."

అంతే అన్నారు. మళ్ళీ చేట అందుకున్నారు.

గేటు దగ్గర ఆయన ఎప్పుడూ రోడ్డు వైపు తిరిగే నిలబడేవారు, వచ్చే బండ్ల కోసం. నా కుర్చీలోంచి మొహం కనపడేది కాదు. పదకొండేళ్ళు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, నాకు కనపడింది ఆ మెడే.