నా తూర్పు

ఇవాళ మనవరాలి ఫోనులో దిక్సూచి చూడగానే డెబ్బైల నాటి మా వరండా గుర్తొచ్చింది.

పోర్టులో పనిచేసే నాన్న పాత పటాన్ని గచ్చు మీద పరిచి, ఎగరకుండా గవ్వలు పెట్టి, చల్లటి ఇత్తడి దిక్సూచిని నా అరచేతిలో ఉంచేవారు. పటం నిండా ఉప్పుగాలి వాసన.

"అమ్మలూ, సముద్రంకేసి నిలబడు. ఎదురుగా తూర్పు. ఎడమసేతి పక్క భీమిలి, అదే ఉత్తరం. ఇంకేటి కావాల నీకు?"

విశాఖలో పెరిగిన మనందరికీ ఇదే పాఠం కదా!

పెళ్లయి బొంబాయి వెళ్లిన కొత్తలో, ఒక సాయంత్రం సముద్రం ఒడ్డున దారి తప్పాను. మా ఇల్లు ఉత్తరాన ఉందని తెలుసు. నీళ్లకు ఎదురుగా నిలబడి, ధీమాగా ఎడమకు నడిచాను. ఎంత నడిచినా మా వీధి రాలేదు.

తలెత్తి చూస్తే, సూర్యుడు నా తూర్పులో మునిగిపోతున్నాడు.

అప్పగింతలప్పుడు రాని ఏడుపు అక్కడ వచ్చింది.