లేడన్న మనిషి పలికాడు

నా చిన్నప్పుడు మా పాలెంలోకి పోలీసు జీపు వస్తే పిల్లలం దాక్కునేవాళ్ళం కాదు, ఎదురు పరిగెత్తేవాళ్ళం. ఖాకీ బట్టలు కనపడితే మా నాన్న తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నిలబడేవాడు. వాళ్ళు న్యాయం చేసేవాళ్ళని ఆయన గట్టి నమ్మకం. ఆదివారం చర్చిలో అందరి పేర్లతో పాటు వాళ్ళను కూడా తలుచుకుని ప్రార్థన చేసేవాడు. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎంత మంచి నమ్మకాన్ని ఎలాంటివాళ్ళ చేతుల్లో పెట్టాడు ఆ అమాయకుడు!

మాది ఒంగోలుకు పడమటి వైపు ఊరు. ఆ చివర నుంచి ఈ చివర దాకా మిరప, అక్కడక్కడా పత్తి. ఊరికి ఎడంగా ఉన్న మా పాలెం జనమంతా కూలికి వెళ్ళేవాళ్ళమే. మా పెద్దమ్మ, అంటే మా నాన్న పెద్దన్నగారి భార్య, కోతల ముఠాకు మేస్త్రి. మా నాన్న తమ్ముడు, మా చిన్నాన్న, కోసిన కాయను గంపలతో మోసి కల్లంలో ఆరబోసేవాడు. పొద్దుగూకాక ఆ కల్లానికి కాపలా కూడా ఆయనే.

మా ముఠాలో ఒక పద్ధతి ఉండేది. ఏపుగా ఎదిగిన మిరప చేలో వంగి కాయ కోస్తుంటే ఎవరికి ఎవరూ కనపడరు. ఎండదెబ్బకు సోలిపోయినా, పాము కరిచినా పక్క సాలులో మనిషికి తెలియదు. అందుకని మా పెద్దమ్మ పాట ఎత్తుకునేది. పాటలోనే ఒక్కొక్కరినీ వరస పెట్టి పిలిచేది. 'సాలు దాటి పోయినావా, చెల్లెలా ఎక్కడ?' అంటే, ఆ చెల్లెలు ఎక్కడున్నా 'ఎక్కడికీ పోలేదక్కా, ఇక్కడే ఉన్నా' అని రాగం తీసి పలకాలి. పలకలేదంటే అందరూ కోత ఆపి వెతకడానికి పరిగెత్తాల్సిందే. నోట్లో నీళ్ళున్నా మింగి పలికేవాళ్ళు. అలా అలవాటైపోయింది ఆ పిలుపు.

ఒక ఏడు కోతలు ముగిసేవేళ, మేం కూలికెళ్ళే ఆసామి కల్లంలోంచి మిరప టిక్కీలు పోయాయి. టిక్కీ అంటే మా వైపు మిరపకాయ తొక్కి కుట్టిన గోనెబస్తా. మర్నాడు పొద్దున్నే జీపు వచ్చింది. ఎస్సై దిగి, చిన్నాన్నను ఒక్కసారి స్టేషన్ దాకా వచ్చి నాలుగు మాటలు చెప్పి పొమ్మన్నాడు. చిన్నాన్న వెనకాడాడు. మా నాన్నే భుజం తట్టి ఎక్కించాడు. "తప్పు చేయనోడికి భయమేందిరా? పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పిరా" అన్నాడు. మేం పిల్లలం జీపు వెనక దుమ్ములో కేరింతలు కొడుతూ పరిగెత్తాం.

సాయంత్రమైనా చిన్నాన్న రాలేదు. నాన్న క్యారేజీలో అన్నం పెట్టుకుని స్టేషన్‌కు వెళ్తే, మేమెవరినీ తేలేదు పొమ్మన్నారు. మర్నాడు వెళ్తే, దారిలోనే జీపులోంచి దూకి పారిపోయాడన్నారు. కనపడితే మీరే పట్టి అప్పగించండి, లేకపోతే మీ అందరి మీదా కేసు పెడతామని బెదిరించారు కూడా. అబద్ధమాడేవాడికి కాస్తయినా తడబాటు ఉంటుందనుకుంటాం కదా, వాళ్ళకు అదీ లేదు. ఇంకా దారుణం ఏమిటంటే, ఊళ్ళో కొందరు ఆ మాట నమ్మారు. పారిపోయాడంటే వాడే తీసి ఉంటాడని అరుగుల మీద కూర్చుని తీర్పు చెప్పేశారు.

నాన్న ఇంటికొచ్చి గోడకు చేరగిలబడి ఏడ్చాడు. పెద్దమ్మ మాత్రం ఏడవలేదు. ఆవిడ కోపం చూసి నాకు భయమేసింది. "ఏమయ్యా, లేడు లేడంటన్నారంటే లేకుండా చెయ్యబోతన్నారనే గదా అర్థం! నువ్విట్టా ఏడస్తా కూకుంటే రేపు నీ తమ్ముడు ఏ కాలవలోనో తేలతాడు" అంది. అంతవరకూ మా చిన్నాన్న చచ్చిపోవచ్చని నాకు తట్టనే లేదు.

మర్నాడు సంత. స్టేషన్ ఉన్నది సంత వీధిలోనే. పెద్దమ్మ ముఠా ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. నాన్న మా వెనకే నడిచాడు. ఎస్సై వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. సంత జనం చూస్తుండగా పెద్దమ్మ చేతులు జోడించి, మా మరిది మీ దగ్గర ఉన్నాడా బాబూ అని అడిగింది. లేడని చెప్పాను కదా, ఎన్నిసార్లు చెప్పాలని అతను వీధంతా వినపడేలా అరిచాడు. ఆవిడకు కావలసిందీ అదే. తల ఊపి వచ్చి, స్టేషన్ గోడ పక్కన మా అందరినీ కూర్చోబెట్టింది. ఒక కానిస్టేబులు లెగండి లెగండని లాఠీ ఊపుతూ వచ్చాడు. "సంతకొచ్చినోళ్ళం, ఎండగా ఉందని కూకున్నాం. పాట పాడుకుంటే నీ సొమ్మేం పోయిందయ్యా?" అని పెద్దమ్మ పాట ఎత్తుకుంది.

చేలో పిలిచినట్టే ఒక్కొక్కరినీ పిలిచింది. ఒక్కొక్కరూ పలికారు. నన్నూ పిలిచింది, నేనూ సన్నగా పలికాను. సంతలో జనం ఇదేదో వింతగా ఉందని మూగారు. అప్పుడు గొంతు పెంచి, 'సాలు దాటి పోయినావా, చిన్న మరిదీ ఎక్కడ?' అంది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. లేదు. ఆవిడ మెడ నరాలు ఉబ్బాయి. ప్రాణమంతా పెట్టి మరోసారి పిలిచింది.

స్టేషన్ వెనకాల గదిలోంచి వచ్చింది జవాబు. బొంగురు గొంతు. రాగం లేదు, సగం మాట గొంతులోనే ఉండిపోయింది. అయినా అందరికీ వినపడింది. 'ఎక్కడికీ పోలేదొదినా, ఇక్కడే ఉన్నా.'

సంత సంతంతా ఎస్సై మొహం వైపు తిరిగింది. అతను లేచి లోపలికి పోయాడు. లోపల దెబ్బ చప్పుడు వినపడింది. మా నాన్న స్టేషన్ గుమ్మం మీద పడి తలుపులు బాదాడు. అంతమంది ఎదుట ఇక దాచలేక, ఇప్పుడే దొరికాడు, విచారించి వదిలేస్తున్నామని చెప్పి చిన్నాన్నను బయటికి నెట్టారు. ఇప్పుడే దొరికాడట! సిగ్గూ ఎగ్గూ లేని మనుషులు! కుడిచేతి వేళ్ళు చితికిపోయి ఉన్నాయి. ఆ చేత్తో ఆయన మళ్ళీ గంప ఎత్తలేదు.

టిక్కీలు తీసింది ఆసామి కొడుకే. గుంటూరు తీసుకెళ్ళి అమ్ముకున్నాడు. అది కొడుకు పనేనని ఆసామికి తెలిశాకే, ఇంటి పరువు పోకుండా ఉండటానికి ఒక దొంగ కావాల్సి వచ్చి, మా చిన్నాన్నను జీపెక్కించారు. ఆసామి భార్యే తర్వాత పెద్దమ్మ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పింది. కన్నీళ్ళు మాకెందుకు? ఆ మాట నలుగురిలో చెప్పమంటే ఆవిడ చెప్పలేదు.

కొన్నాళ్ళకు ఎస్సై మీద విచారణకని పెద్దాఫీసరు వచ్చాడు. సంతలో విన్న కొట్లవాళ్ళను పిలిస్తే, ఒక్కరంటే ఒక్కరు విన్నామనలేదు. వారం వారం ఆ స్టేషన్ ఎదుటే కొట్టు పెట్టుకోవాలి కదా! ముఠా ఆడవాళ్ళు విన్నామని చెప్తే, మీరంతా ఒక పాలెం వాళ్ళు, పాట సాక్ష్యమెట్లా అవుతుందమ్మా అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎస్సైకి బదిలీ అయింది. పోయేరోజు దండలేసి పంపారు.

మరుసటేడు పత్తి తీతల్లో మా పక్కింటి అక్కను ఒకడు చెయ్యి పట్టి లాగాడు. కొరికి తప్పించుకుని వచ్చిందామె. స్టేషన్‌కు పోదామని ఎవరో అన్నారు. వద్దని తలుపు మూసింది ఎవరనుకున్నారు? మా నాన్నే. ఒకప్పుడు ఖాకీ బట్టల కోసం ప్రార్థన చేసిన మనిషి! ఆ లాగినవాడు మా వీధిలోనే ఈలవేసుకుంటూ తిరిగాడు. ఆ తర్వాత మా పాలెంలో ఎవరికి ఏ అన్యాయం జరిగినా స్టేషన్ మెట్లెక్కినవాళ్ళు లేరు. అది దొంగలకు తెలుసు, తాగి కొట్టేవాళ్ళకు తెలుసు, అందరికీ తెలుసు. ఆ ఎస్సై విరిచింది ఒక్క మా చిన్నాన్న చేతిని మాత్రమే అని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

నేను చదువుకుని టీచరునయ్యాను, రిటైరయ్యాను. పేపర్లో 'నిందితుడు పరారీలో ఉన్నాడు' అని కనపడితే ఇప్పటికీ కాఫీ గ్లాసు పక్కన పెట్టేస్తాను. పారిపోతుండగా ఎవరు చూశారు అని గట్టిగానే అడుగుతాను. మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ.

మొన్నామధ్య మా కాలనీలో ఆటో నడుపుకునే కుర్రాణ్ణి ఏదో అడగాలని పోలీసులు తీసుకెళ్ళారు. వాళ్ళమ్మ వీధి చివరిదాకా వెనకే పరిగెత్తి ఆగిపోయింది. నేను చెప్పులేసుకుని, ఇంకో ఆటో ఎక్కి వాళ్ళ వెనకే వెళ్ళాను. స్టేషన్ బెంచీ మీద కూర్చుని, ఆ పిల్లవాడు నా కళ్ళకు కనపడాలి, కనపడేదాకా ఇక్కడే ఉంటానన్నాను. అక్కడున్న కానిస్టేబులు చిన్నవాడు, మర్యాదస్తుడు. మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. "అమ్మగారూ, అతనికేం కాదండి. మామీద ఆ మాత్రం నమ్మకం లేదాండి?" అని అడిగాడు.

"లేదు నాయనా. నువ్వు మంచివాడివే అయ్యుండొచ్చు. నీకు రావాల్సిన నమ్మకాన్ని నీకంటే ముందొచ్చినవాళ్ళు కాజేశారు. వాళ్ళనడుగు" అన్నాను.

అతను తల దించుకున్నాడు. పాపం, అతను ఎవరికీ ఏ అన్యాయమూ చేసి ఉండడు. నాకు జాలి వేసింది కూడా. అయినా ఆ కుర్రాడు బయటికొచ్చి నా పక్కన నిలబడేదాకా బెంచీ మీంచి లేవలేదు.