మా నాన్నకి పద్యం చదివే హక్కు

రోజుకో పద్యం చదువుకుంటే మనసుకి నిలకడ, చూపుకి పదును వస్తాయని మొన్న ఎవరో ఒకావిడ ఫోనులో, వెనక సన్నగా వేణువు మోగుతుండగా, కళ్ళు అరమోడ్చి చెబుతుంటే మా కోడలు శ్రద్ధగా వింటోంది. నేను పప్పులో పోపు వేస్తూ విని నవ్వాను. నవ్వి ఊరుకుంటే నేనెందుకవుతాను, ఇందులో కొత్తేముందమ్మా, ఈ పని మేం భిలాయిలో రేకుల వసారా కింద ఏళ్ళ తరబడి చేశాం, నాకు నిలకడ రాలేదు సరికదా కుళ్ళు వచ్చింది అన్నాను. కోడలు హాస్యమాడుతున్నాననుకుంది. హాస్యం కాదు. పద్యం వల్ల మనసు ఎలా కుదుటపడుతుందో ఆ ఫోనులో ఆవిడ చెబుతుంది. పద్యం వల్ల అసూయ ఎలా పుడుతుందో, పుట్టిన అసూయ మనిషితోపాటే ఎలా ముదురుతుందో తెలియాలంటే మాత్రం నన్నడగాలి.

మా నాన్న విజయనగరం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన మనిషి. స్టీలు ప్లాంటులో ఉద్యోగం దొరికినవాళ్ళు సెక్టార్లలో, వరసగా మామిడిచెట్లున్న క్వార్టర్లలో కుదురుకుంటే, దొరకని మాబోటివాళ్ళం చుట్టుపక్కల కార్ఖానాలని నమ్ముకుని జాముల్ వెళ్ళే దారి పక్క సందుల్లో స్థిరపడ్డాం. ఎర్రగా కాలిన ఇనప దిమ్మని పెద్ద యంత్రపు సుత్తి కింద పెట్టి సాగగొట్టే షెడ్డులో నాన్నకి పని. దాన్ని అందరూ హామర్ అనేవారు. మా సందులో సగంమంది మగవాళ్ళు ఆ హామర్ దగ్గరివాళ్ళే కావడంతో మా సందంతా గట్టిగానే మాట్లాడేది. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు మొదటి వారం ఏ ఇంట్లో తగువైందోనని తలుపు తీసి చూసేవారు, రెండో వారానికి వాళ్ళూ గొంతు పెంచేసేవారు. షెడ్డులో మాట వినబడదు కాబట్టి మగవాళ్ళు వేళ్ళతో, కనుబొమలతో మాట్లాడుకోవడం అలవాటైపోయి, రోడ్డుకి ఆ పక్కొకరూ ఈ పక్కొకరూ నిలబడి చప్పుడు లేకుండా బోలెడు కబుర్లు చెప్పుకునేవారు. ఎవరి చెవి ఎంత పనిచేస్తోందో పక్కవాడికి తెలిసే వీల్లేని సందు అది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత నన్ను తప్పు పట్టకుండా ఉంటారు.

నాన్నకి పద్యమంటే ప్రాణం. పగటి డ్యూటీ వారం సాయంత్రం, రాత్రి డ్యూటీ వారం మధ్యాహ్నం నిద్ర లేచాక, ఒళ్ళు కడుక్కుని, అమ్మ వసారాలో బొగ్గుల సిగడీ రాజేసి దాని పొగ పోయి నిప్పు ఎర్రబడేదాకా పట్టే ఆ కాస్త వ్యవధిలో ఒకే ఒక్క పద్యం, రెండుసార్లు, రాగం తీసి చదివేవాడు. అర్థం చెప్పేవాడు కాదు, చెప్పనిచ్చేవాడు కాదు. పద్యం అయ్యాక, ఇవాళ నీ కంటపడ్డది ఏదైనా ఒకటి చెప్పమని అడిగేవాడు. ఏదైనా సరే, చూసినది చూసినట్టు చెప్పాలి. అంతే, సిగడీ లోపలికి వెళ్ళేది, అన్నం ఎసరు పడేది. బళ్ళో హిందీ చదువుకుంటున్న నాకు తెలుగు అక్షరాలు వచ్చింది ఆ పొగలోనే. నాన్న మోకాలికి నా భుజం ఆనించుకుని కూర్చునేదాన్ని. ఆ చోటు నాది.

పక్కింట్లో నాకంటే కొంచెం పెద్దదైన ఒక అక్క ఉండేది. వాళ్ళ నాన్నా హామర్ మనిషే, శ్రీకాకుళం వైపువాళ్ళు. మా నాన్నని బాబాయ్ అనేది. పద్యం వేళకి వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేది, నాకేమీ అభ్యంతరం లేదు, గుమ్మం దాకా అయితే లేదు. నేను కాలేజీలో చేరిన ఏడు అనుకుంటాను, ఉన్నట్టుండి ఒకరోజు నాన్న పుస్తకాన్ని నా తల మీదుగా చాపి ఆ అక్కకిచ్చి, ఎర్ర దిమ్మని చూసి చూసి కళ్ళు మండుతున్నాయి, ఇక నుంచి నువ్వు చదువమ్మా అన్నాడు. నా తల మీదుగా! అక్క లేచి వచ్చి ఆయనకి సరిగ్గా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కొక్క మాటే విప్పి, ఎడ్లబండి గతుకుల్లో దిగినట్టు చదివింది. నాన్న కన్నార్పకుండా ఆమె ముఖమే చూస్తూ విన్నాడు. నన్నెప్పుడూ అలా చూసింది లేదు.

తర్వాత రోజూ అదే వరస. చదవడం అయ్యాక అక్క, సిగడీ పొగ నిటారుగా లేచి బట్టల తీగె దాకా ఎల్లి వంగిపోనాది బాబాయ్ అనేది. నాన్న ఆ వంగిన పొగని తనూ చూసినంత సంబరపడి ఇంకా ఇంకా అడిగేవాడు. నేనేదైనా చెబితే, బావుందమ్మా అని ఊరుకునేవాడు. ఏటిని గురించిన పద్యంలో కవి లెక్క తప్పాడని నేను ఎండగట్టినా బావుందమ్మా, మా కాలేజీలో ఫ్యాను ఊడిపడిందన్నా బావుందమ్మా. మెచ్చుకోలు పొందినంత మాత్రాన పొంగిపోయే రకాన్ని కాను నేను. నాతో వాదనకి దిగకపోవడమే అవమానం. అక్క వెళ్ళాక అంట్లు గిరాటేసేదాన్ని. అమ్మ ఊరుకుంటుందా?

"ఏటే ఆ మూతి? ఇంటికొచ్చిన పిల్ల నాలుగు ముక్కలు సదివితే నీ సొమ్మేటి పోయింది?"

సొమ్ము కాదు, నాన్న పోయాడు. అలా అంటే నోరు మూయమనేది గనక అనలేదు.

ఆ కసి మీదే ఒక సాయంత్రం, ఇవాళ నేను చదువుతానని పుస్తకం లాక్కున్నాను. ముఖానికి అడ్డంగా పెట్టుకుని, పద్యం వదిలేసి, పద్యం రాగంలోనే, వంకాయ కూర మాడిపోయె, పప్పులోన ఉప్పు లేదు, పక్కింటి అక్క పద్యమంటే పరుగునొచ్చి కూరుచుండె అని నోటికొచ్చింది కట్టి పాడాను. నాన్న మండిపడాలి, నేను తిరగబడాలి, ఇన్నాళ్ళ లెక్కా ఆ పూటతో తేలిపోవాలి; అందుకు సిద్ధపడే ఉన్నాను. పుస్తకం దించి చూద్దును కదా, నాన్న తొడ మీద తాళం వేస్తూ, తల పంకిస్తూ ఉన్నాడు.

"బావుంది తల్లీ. ఏదీ, ఇంకోపాలి సదువు."

విసనకర్ర ఆడిస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. అక్క నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఆయన ఎదురుగా జరిగి, ఆ రోజు అసలు పద్యాన్ని మాట మాటా విప్పి చదివింది. రెండోసారి చదువుతున్నది మొదటి పద్యమే అనుకుని నాన్న తృప్తిగా విన్నాడు. నా వంకాయ కూర సంగతి ఆయనకి ఏనాడూ తెలియదు.

కుళాయి దగ్గర అక్కని నిలేశాను.

"నీకు ముందే తెలుసా?"

"తెలకేటి? మా నానకీ అంతే కదా. ఆలకి నోరు కనిపించాల. నువ్వు పుస్తకానికి సదువుతావే, బాబాయికి కాదు."

"మరి నాతో ఒక్క ముక్కయినా అన్లేదేటి?"

"నువ్వు ఎవుల మాటయినా ఇంటే కదా, సెప్పడానికి!"

బిందె చంకనెత్తుకుని పోయింది. చెవి సరిగ్గా లేదని తెలిస్తే తనని హామర్ మీంచి తప్పించి గేటు దగ్గర కూర్చోబెడతారేమోనని నాన్న భయపడ్డాడనీ, తన గొంతు తనకే సరిగా అందక రాగం గాడి తప్పుతోందని గ్రహించే చదవడం మానాడనీ ఆ రాత్రి అమ్మ ఊహించి చెప్పింది. కళ్ళ మంట ఒట్టి సాకు. నేను చేసింది తుంటరితనమని మీరనుకుంటే అనుకోండి. ఆ తుంటరితనం చేయకపోతే మా ఇంట్లో మాకు తెలిసేదే కాదు. అయితే తెలిసిందని నా కుళ్ళు తగ్గిందా? రెట్టింపైంది. నాన్న దాచుకున్న సంగతి, ఒకే గూట్లో ఉన్న మాకు పట్టని సంగతి, గోడ అవతలి పిల్లకి పట్టింది! అంతవరకూ ఆమె నా చోటే లాక్కుందనుకున్నాను, అప్పుడు తెలిసింది, నేను ఆ చోట ఊరికే కూర్చున్నానని.

ఓడిపోవడం నాకు చేతకాదు. మర్నాటి నుంచి పొద్దున్నే ఆ రోజు పద్యం కంఠస్థం చేయడం మొదలుపెట్టాను, ఎందుకంటే తల దించి చదివితే నాన్నకి పెదవులు కనిపించవు. నిమిషంలో గడగడా చదివి పారేసే పద్యాన్ని కాలేజీ బస్సులో, నల్లా వరసలో, నోట్లో నానబెట్టుకుంటూ తిరగాల్సి వచ్చింది. ఏ మాట దగ్గర పెదవి కలుస్తుంది, ఎక్కడ విడుతుంది అని చూసుకుంటే ప్రతి మాటా బరువు తెలిసి దిగేది. అడగ్గానే చెప్పడానికి ఏదో ఒకటి చూసి ఉంచుకోవాలి కాబట్టి దారి పొడుగునా కళ్ళు తెరుచుకునే నడిచాను. అక్కా నేనూ పంతాలు పోయి వంతులు వేసుకున్నాం. ఆమె వంతు రోజున నాకు అన్నం సయించేది కాదు. ఆమెకి రూర్కెలా సంబంధం కుదిరినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనూ, లోపల్లోపల ఎక్కువ సంతోషించిందీ నేనే.

ఆ తర్వాత నాన్న నావాడే. పెళ్ళై దుర్గ్ వెళ్ళాక కూడా వచ్చినప్పుడల్లా ఎదురుగా కూర్చుని చదివేదాన్ని, ఆయన నా పెదవుల మీంచి చూపు తిప్పేవాడు కాదు. అప్పటికి హామర్ చప్పుడు కూడా ఆయనకి పాదాల కిందనే తెలిసేది. ఒకసారి పద్యం అయ్యాక నా చెయ్యి పట్టుకుని, నీ గొంతు ఏటీ మారలేదమ్మా, చిన్నప్పటి లాగే ఉంది అన్నాడు. అప్పటికే నా గొంతు మగవాడి గొంతులా బొంగురుపోయి, ఫోనెత్తితే అవతలివాళ్ళు భాయిసాబ్ అని పిలుస్తున్న రోజులు. నేను తలూపాను. జీవితంలో నేను వాదించకుండా వదిలేసిన మాట అదొక్కటే.

ఇప్పుడు ఆ సందులోకి వెళితే ఎవరూ గట్టిగా మాట్లాడరు. హామర్ దగ్గరి పిల్లలు చెవులకి డొప్పలు పెట్టుకుంటున్నారు, మంచిదే, ఇళ్ళల్లో గ్యాసు వచ్చింది, నిప్పు ఎర్రబడేదాకా ఆగాల్సిన పని ఎవరికీ లేదు. పిల్లలు హిందీలో, సెల్లులోకి తల దించుకుని గుసగుసలాడతారు. వాళ్ళ తండ్రులకి ఆ గుసగుసలు కూడా వినిపిస్తాయి. అంత మంచి చెవులుండీ ఎవరి ముఖం ఎవరూ చూడరు. నేను మాత్రం పొద్దున్నే ఒక పద్యం పట్టి, తలెత్తి, పెదవులు విప్పి, నెమ్మదిగా చదువుకుంటాను. వినికిడి ఇంకా కాస్త మిగిలున్న రోజుల్లో ఎదురుగా కూర్చుని చదివింది తనే గనక, మా నాన్న చెవుల్లో మిగిలిన చివరి శబ్దం పక్కింటి అక్క గొంతు; నాది ఆయన దగ్గర పావడా కట్టుకున్న పిల్ల గొంతుగానే ఉండిపోయింది. అక్క మంచిది, నాకు మేలే చేసింది, కాదనను. అయినా సరే, ఆ చివరి కాస్త వినికిడి నాకు రావలసినది.