రోడ్డవతల గది

2018. అల్ ఖోబర్‌లో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో నేను హాలిడే డెస్క్ చూసేవాణ్ని. చదివింది జగిత్యాల దగ్గర కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. సౌదీ వచ్చింది మెయింటెనెన్స్ కంపెనీ వీసా మీద. ఆ కంపెనీ మూతపడే దశలో ఈ ఆఫీసు యజమాని నన్ను తన కఫాలత్ కిందికి, అంటే తన పూచీ మీదికి, మార్పించుకున్నాడు గానీ, ఇఖామా అనే నివాస కార్డులో వృత్తి 'ఎలక్ట్రీషియన్' అనే ఉండిపోయింది. నితాఖాత్ లెక్కలో మా ఆఫీసు పసుపు రంగులోకి జారింది; అంటే ఉండాల్సినంతమంది సౌదీలు మా దగ్గర పనిలో లేరని. ఆ రంగులో ఉంటే కార్డులో వృత్తి మార్చనివ్వరు. అందుకని తనిఖీకి ఎవరైనా వస్తే నేను కంప్యూటర్ వదిలేసి, స్టూలెక్కి ట్యూబ్‌లైటు విప్పాలి. స్టూలు నా కుర్చీ పక్కనే ఉండేది.

నా పని వెకేషన్ రెంటల్స్. అంటే హోటల్ గది కాకుండా, సెలవులకు ఇల్లు మొత్తం అద్దెకు తీసుకోవడం. బొమ్మలు చూసి ఎవరైనా బుక్ చేసుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. సౌదీ కుటుంబానికి బొమ్మలు సరిపోవు. వాళ్ళు అడిగేవి ఇంటి ఓనర్లు ఏ వెబ్‌సైట్‌లోనూ రాయరు. స్విమ్మింగ్ పూల్ చుట్టూ గోడ ఎంత ఎత్తు? పక్కింటి మేడ మీదినుంచి పూల్ కనబడుతుందా? పూల్ శుభ్రం చేసే మనిషి పొద్దున్నే చెప్పకుండా లోపలికి వస్తాడా? బాత్రూముల్లో షత్తాఫ్, అంటే చేతిపైపు, ఉందా? మగ అతిథులు కూర్చునే గదికి వేరే వాకిలి ఉందా? నేను శాటిలైట్ మ్యాప్ తెరిచి చుట్టుపక్కల ఇళ్ళ నీడల పొడవు చూసి ఏది మేడో, ఏది పెంకుటిల్లో తేల్చేవాణ్ని. ఓనర్లకు ఇరవైకి పైగా ప్రశ్నలు పంపేవాణ్ని. కొందరు విసుక్కుని జవాబు మానేసేవారు. జవాబిచ్చిన వాళ్ళ ఇళ్ళు మాత్రం మళ్ళీ మళ్ళీ బుక్ అయ్యేవి.

అబూ నాసర్ మాకు పాత కస్టమర్. చిన్న కాంట్రాక్టరు. ఏటా టర్కీనో, ఆస్ట్రియానో వెళ్ళేవాడు. ఆ ఏడాది పనివాళ్ళ మీద ప్రభుత్వానికి కట్టే లెవీ పెరిగింది, సగం మందిని ఇంటికి పంపేశాడు.

"యా ముహందిస్, ఈసారి దగ్గర్లో చూడు. దీవి కావాలని పిల్లల గొడవ. మా అమ్మ కూడా వస్తుంది, వీల్‌చైర్" అన్నాడు. ముహందిస్ అంటే ఇంజినీరు. సౌదీలో నన్ను అలా పిలిచింది ఆయనొక్కడే.

నేను శ్రీలంక అన్నాను. ఆగస్టులో దక్షిణ తీరంలో వర్షాలు, సముద్రం పోటు మీద ఉంటుంది; తూర్పు తీరం ప్రశాంతం, హలాల్ తిండికి ఇబ్బంది ఉండదు. రెండు ఇళ్ళు తేల్చాను. మొదటిది సముద్రం ఒడ్డునే, ఇసుకలో. రెండోది కాస్త వెనక, ఉప్పు కయ్య పక్కన, ఊళ్ళోకి పోయే తారు రోడ్డు మీద. గోడలు, గదులు, షత్తాఫ్ అన్నీ రెండింటికీ సమానం. ఇల్లు తల్లికి కూడా చూపించాలని మర్నాడు ఆవిణ్ని ఆఫీసుకు తీసుకొచ్చాడు. కుర్చీ తోస్తూ వాళ్ళింటి పనిమనిషి వచ్చింది.

పెద్దావిడ సముద్రం బొమ్మ చూసి పెదవి విరిచింది. "సముద్రం చూడ్డానికి అంత దూరమెందుకు? ఇక్కడ ఖోబర్‌లో లేదా?"

ఇంతలో సాయంత్రపు అసర్ నమాజు పిలుపు. మా యజమాని షట్టరు సగం దించి అబూ నాసర్‌తో కలిసి మసీదుకు వెళ్ళాడు. మేం ముగ్గురం మిగిలాం. ఇంటినుంచి ఫోన్ వస్తే, "తర్వాత చేస్త, పనిల ఉన్న" అని పెట్టేశాను.

"తెలుగువారాండీ?" అంది పనిమనిషి.

ఆమె పేరు సత్యవతి. రాజోలు వైపు మనిషి. భర్త లేడు. ఒక కూతురు, దుర్గ. మేనమామ దగ్గర ఉండి ఎనిమిదో తరగతి చదువుతోంది. సత్యవతక్క ఊరు వెళ్ళి నాలుగేళ్ళు దాటింది. సెలవు అడిగినప్పుడల్లా ఏదో ఒకటి. ఒకసారి పెద్దావిడ పడి తుంటి విరిగింది. మరోసారి పెద్దకొడుకు నాసర్ పెళ్ళి. కొత్త మనిషిని తెచ్చుకోవడం కష్టమైపోయిందని, పాత మనిషిని వదలడానికి వాళ్ళకు భయం.

"తమ్ముడూ, ఆ శ్రీలంక మన మద్రాసుకి దగ్గరంట కదా?"

"గంటన్నర విమానం అక్కా. అక్కడినుంచి తూర్పు తీరానికి రైలు, బస్సు."

"మా తమ్ముడు దుర్గని తీసుకొస్తానన్నాడు. పాస్‌పోర్టుకి పెట్టేశాడు కూడా. ఏ ఇల్లు తీసుకున్నా, పక్కన మావాళ్ళు దిగడానికి ఓ గది చూసి పెడతారా? బాబాకి చెప్పొద్దండి." బాబా అంటే ఇంటి యజమాని.

"ఎందుకు చెప్పొద్దు?"

"చెప్తే, కూతుర్ని చూశాక ఇటునుంచి ఇటే ఊరెళ్ళిపోతానని అనుకుంటారు. అసలు తీసుకెళ్ళరు. నన్నిక్కడ వాళ్ళ చెల్లెలింట్లో వదిలేసి, ఆ వారాలకి ఇంకెవర్నో తీసుకెళ్తారు."

నేను ఆలోచించాను. కస్టమర్ అబూ నాసర్. ఆయనకు చెప్పకుండా ఆయన ఇంటి పక్కన ఇంకో గది బుక్ చేస్తే, తెలిసిన రోజున ఆమె సెలవుల సంగతీ పోతుంది, నా స్టూలూ పోతుంది.

"చెప్పకుండ చెయ్యలేనక్కా. గది చూస్త. చెప్పుడు నీ పని."

పెద్దావిడ కునుకు తీస్తోందనుకున్నాను గానీ, కళ్ళు తెరిచి, "ఏమంటున్నాడు?" అని అరబీలో అడిగింది.

"ఊరి కబుర్లు" అంది సత్యవతక్క.

ఆ వారం నేను చేసిన పని ఇది. ఇసుక ఒడ్డు ఇంటి చుట్టూ అద్దె గదులున్నాయి, కానీ మధ్యలో ఇసుక. సత్యవతక్క పెద్దావిణ్ని వదిలి ఎక్కడికీ పోలేదు; పోతే కుర్చీతోనే పోవాలి, ఇసుకలో చక్రం దిగబడుతుంది. తారు రోడ్డు ఇంటికి ఎదురుగా, నాలుగు ఇళ్ళ అవతల, ఒక టీచరమ్మ వాళ్ళింట్లో గది అద్దెకిస్తుంది. హోమ్‌స్టే అంటారు. ఓనరు ఇంట్లోనే ఉంటాడు, అతిథికి ఒక గది, పొద్దుట టిఫిను. రోడ్డు చదును. గేటు దగ్గర గడప ఎత్తెంతని అడిగితే ఆవిడ స్కేలు పెట్టి ఫోటో తీసి పంపింది. చక్రాల కుర్చీకి ర్యాంపు ఎంత ఎత్తుంటే దానికి కనీసం పన్నెండు రెట్లు పొడవుండాలి. ఆ లెక్కన ఎంత పలక కావాలో రాశాను. 'మా అబ్బాయి వడ్రంగి పని నేర్చుకున్నాడు, చేసేస్తాడు' అని జవాబిచ్చింది. వాళ్ళ గది నా పేరున రెండు రోజులు హోల్డ్‌లో పెట్టించాను. హోల్డ్ అంటే డబ్బు కట్టకుండా ఆపి ఉంచడం. ఆ సంగతి సత్యవతక్కకు ఫోన్ చేసి చెప్పాను.

రెండోసారి ముగ్గురూ వచ్చారు. అబూ నాసర్ మనసు ఇసుక ఒడ్డు ఇంటి మీదే ఉంది. పిల్లలు మంచం దిగి నీళ్ళలో దూకొచ్చు అని. నేను రెండింటి మంచీ చెడూ చెప్పాను. కుర్చీ విషయం చెప్పాను. ఇంకేం చెప్పలేదు. ఇసుక ఒడ్డు ఇంటికే కట్టేద్దామని ఆయన కార్డు తీశాడు.

"బాబా" అంది సత్యవతక్క.

ఆమె అరబీ వంటింటి అరబీ. క్రియలన్నీ ఒకే కాలంలో ఉంటాయి. కుర్చీ పిడులు వదలకుండా, తలెత్తకుండా చెప్పింది: కూతురు వస్తుంది, తమ్ముడు వస్తాడు, రెండో ఇంటి దగ్గర గది ఉంది, సాయంత్రం చూస్తాను, రాత్రికి వచ్చేస్తాను, పాస్‌పోర్టు మీ దగ్గరే.

అబూ నాసర్ నా వైపు చూశాడు. "నీకు తెలుసా?"

"తెలుసు. ఆమే చెప్పాలని ఆగాను."

ఆయన కార్డు బల్ల మీద పెట్టాడు. కోపం రాలేదు. భయపడ్డాడు. "కూతురితో పాటు వెళ్ళిపోతే? మా అమ్మకు స్నానం ఎవరు చేయిస్తారు?"

ఆ మాట ఆయన అడిగింది నన్ను. జవాబు కుర్చీలోంచి వచ్చింది.

"నువ్వు చేయించు" అంది పెద్దావిడ. "నీకు నేను చేయించలేదా?"

మా యజమాని దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వెళ్ళాడు. అబూ నాసర్ కాసేపు మీసం దువ్వుకుని, చివరికి తనూ నవ్వేశాడు. "తయ్యిబ్, సరే. తారు రోడ్డు ఇల్లే రాయి." అంతటితో ఆగలేదు. మంచి మనిషి. "వేరే గది ఎందుకు? ఇంట్లో మేడ్ రూమ్ ఉంది కదా. పిల్ల తల్లి దగ్గరే పడుకుంటుంది. తిండి మనింట్లోనే."

సమస్య తీరిపోయిందనుకున్నాను. తల్లీకూతుళ్ళు ఒకే గదిలో, రాత్రీ పగలూ. బుకింగ్ షీట్‌లో మేడ్ రూమ్ ఎదురుగా 'ఇద్దరు' అని టైపు చేస్తున్నాను కూడా.

"వద్దు తమ్ముడూ" అంది సత్యవతక్క తెలుగులో, మెల్లగా.

"ఏమైందక్కా? పుక్కట్ల ఇస్తుండు. రాత్రంతా నీ దగ్గరే ఉంటది."

"ఆ ఇంట్లో నా కూతురు చుట్టంగా ఉండలేదు. బాబా వాళ్ళావిడ, మదామ్, మంచిదే. మొదటిరోజు చాక్‌లెట్లు పెడుతుంది. రెండోరోజు 'దుర్గా, ఆ గ్లాసు ఇలా ఇవ్వమ్మా' అంటుంది. మూడోరోజుకి గిన్నెలు దాని చేతిలో ఉంటాయి. ఎవరూ తప్పు చేసినట్టు ఉండదు. అదీ సరదాగానే తోముతుంది, అమ్మకి సాయం అనుకుని. నేనీ పనిలోకి వచ్చింది అది ఈ పని చేయకూడదని. కలిసేది నాలుగు పొద్దులైనా, అది వేరే ఇంట్లోనే ఉండాలండి."

"ఏమంటోంది?" అన్నాడు అబూ నాసర్.

ఉన్నదున్నట్టు చెబితే అది ఆయన ఇంటిని నింద చేసినట్టు వినిపిస్తుంది. ఆయనకు అబద్ధం చెప్పాలనిపించలేదు. నిజంలో ఇంకో సగం వెతికాను. "పిల్లతో మేనమామ వస్తున్నాడు. పరాయి మగవాడు. మీ ఆడవాళ్ళున్న ఇంట్లో అతను ఎలా ఉంటాడు? పిల్లను వదిలి అతనొక్కడూ వేరేచోట ఉండలేడు."

అబూ నాసర్ వెంటనే తలూపాడు. "అవునవును. అది కుదరదు." సొంత ఇంటి మర్యాద కాబట్టి మరో మాట అడగలేదు. టీచరమ్మ గది అద్దె తాను కడతానన్నాడు. దానికీ సత్యవతక్క ఒప్పుకోలేదు. తన జీతంలోంచే కట్టింది.

సెలవులయ్యాయి. వాళ్ళు తిరిగొచ్చారు, సత్యవతక్కతో సహా. కొన్నాళ్ళకు పెద్దావిణ్ని మా బిల్డింగ్‌లోనే ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకొచ్చినప్పుడు, నమాజు వేళ మళ్ళీ మా ఆఫీసులో ఆగింది.

"ఎట్ల జరిగిందక్కా?"

"రోజూ సాయంత్రం కుర్చీ తోసుకుని వెళ్ళేవాళ్ళం. ఈ ముసలమ్మగారు టీచరమ్మతో కూర్చునేది. ఈవిడ అరబీ, ఆవిడ అరవం. ఏం మాట్లాడుకున్నారో దేవుడికి తెలియాలి, నవ్వులు మాత్రం ఆగేవి కావు. దుర్గ మొదట దగ్గరికే రాలేదండి. నాకంటే ఎత్తయింది. 'అమ్మా' అనడానికి సిగ్గు. తర్వాత ఇంక వదిలితేగా! ఫోన్లో ఎప్పుడూ 'ఊఁ, ఊఁ' అనే పిల్ల."

"మేడ్ రూమ్‌ల ఉంటే రాత్రి కూడ దగ్గరే ఉండేది కదా. బాధ అనిపియ్యలేదా?"

"అనిపించింది. గేటు వేసేటప్పుడు రోజూ అనిపించేది. కానీ ఓరోజు వినండి. మదామ్ వాళ్ళక్క కుటుంబం దగ్గర్లో ఏదో హోటల్లో దిగితే, అందర్నీ భోజనానికి పిలిచారు. వంటింటి నిండా గిన్నెలు. మదామ్ వచ్చి, 'సత్యా, నీ కూతుర్ని పిలవకూడదూ, ప్లేట్లు అందిస్తుంది, పిల్లకీ కాలక్షేపం' అంది. అచ్చం నేను చెప్పినట్టే."

"నువ్వేమన్నవ్?"

"'అది ఇక్కడ లేదు మదామ్, వాళ్ళింట్లో ఉంది' అన్నాను. వాళ్ళిల్లు!" నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "టీచరమ్మ గదిని పట్టుకుని వాళ్ళిల్లు అన్నానండి. మదామ్ 'ఓ, అలాగా' అని వెళ్ళిపోయింది. కోపం లేదు, ఏం లేదు. ఆవిడకి అది గుర్తు కూడా ఉండదు."

"అప్పుడు దుర్గ ఏం చేస్తున్నది?"

"నాకు తెలుసు కదా, మధ్యాహ్నం అన్నం తిన్నాక పడుకుంటుంది. నేనిక్కడ ప్లేట్లు కడుగుతున్నాను, అది రోడ్డవతల ఫ్యాను కింద నిద్రపోతోంది. నాకు నిజంగా సెలవంటే ఆ గంటసేపే తమ్ముడూ. అన్ని ప్లేట్లూ ఎప్పుడు కడిగానో నాకే తెలీలేదు."

అద్దె ఇంట్లో ఎన్ని పడకలున్నాయని అడగడం నాకు ముందే తెలుసు. ఒక పడక మీద పడుకున్న మనిషిని నిద్ర లేపే హక్కు ఎవరికుంటుందో కూడా చూసుకోవాలని సత్యవతక్క దగ్గర నేర్చుకున్నాను.