దేవదూతకి ఐఎస్ఐ మార్కు

మా వైపు బొమ్మ కానిదేదీ లేదు. గుళ్లో విగ్రహం బొమ్మ, గోడ మీద పటం బొమ్మ, రూపాయి బిళ్ల మీద సింహాలున్న వైపు బొమ్మ. గుడివాడలో కొత్త సినిమా పడితే అదీ బొమ్మే. హాలు బయట నిలబడి "బొమ్మ ఎట్టా ఉంది?" అని అడిగితే, పిల్లలాడుకునే వస్తువు గురించి అడుగుతున్నారని ఇంతవరకు ఎవరూ అనుకోలేదు. కస్టమ్స్ వాళ్లు అనుకున్నారు.

మా మావయ్యకి గుడివాడలో రాతి సామాన్ల కొట్టుంది. సమాధి పలకలు, డాబాల ముందు నీళ్లు చిమ్మే ఫౌంటెన్లు, ఎందుకు కొంటారో నాకిప్పటికీ అర్థం కాని రాతి హంసలు. సగం సరుకు చైనా నుంచి వస్తుంది. డిగ్రీ అయ్యాక నన్నెవరూ ఉద్యోగంలోకి తీసుకోలేదు కనక ఆ కొట్లో కంప్యూటరు పని నాది. బందరులో పోర్టు కడుతున్నారు. అది పూర్తయ్యేదాకా మా సరుకు వేరే పోర్టులో దిగుతుంది. ఏ పోర్టో చెప్పను. మాది ఇంకో కంటైనరు అక్కడే ఉంది.

పోయిన వానాకాలం మా పెద్దమ్మ కూతురు జ్వరమొచ్చి చనిపోయింది. పెద్దమ్మంటే అమ్మకీ మావయ్యకీ పెద్దక్క. దివిసీమలో, అవనిగడ్డ దాటాక ఓ ఊళ్లో బట్టలు కుడుతుంది. ఆవిడకి ఆ ఒక్కతే బిడ్డ. నాకు అక్క. నేను జోకు వేస్తే నవ్వకుండా "అయిందా?" అని అడిగే మనిషి.

ఓ రోజు పెద్దమ్మ కొట్టుకొచ్చి, మావయ్య ఫోన్లో సరుకు ఫొటోలు చూస్తూ ఒకదాని దగ్గర ఆగిపోయింది. మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చున్న దేవదూత.

"తమ్ముడూ, ఇది దానిలాగే లేదూ? బస్సు రాకపోతే స్టాపులో ఇట్టాగే కూర్చునేది."

మావయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తెప్పిస్తానక్కా. సమాధుల పండక్కి పెట్టేద్దాం."

ఏటా నవంబరు మొదట్లో సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడుకుంటాం. అదీ సమాధుల పండగంటే. అక్క పోయాక అదే మొదటిది. పెద్దమ్మ ఇంటికెళ్లిన వెంటనే మేస్త్రీని పిలిపించి, సమాధి తల దగ్గర సిమెంటు దిమ్మ కట్టించింది.

మావయ్యకి ఇంగ్లీషు రాదు. చైనా వ్యాపారికి తెలుగు రాదు. ఇద్దరి మధ్యా మాటలు మార్చి చెప్పే ఫోన్ యాప్ ఒకటుంది. మావయ్య దానికి చెవుడున్నట్టు అరిచి చెప్పాడు: "ఫౌంటెన్లు, హంసలు, ఒక రాతి బొమ్మ!" యాప్ 'స్టోన్ డాల్' అంది. వ్యాపారి బిల్లులో అదే వేశాడు. పోర్టులో మా తరఫున కాగితాలు పెట్టే క్లియరింగ్ ఏజెంటు, బిల్లులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడు.

కస్టమ్స్ టారిఫ్‌లో లోకంలోని ప్రతి వస్తువుకీ ఒక అధ్యాయం, ఒక నంబరు ఉంటాయి. చెక్కిన రాయి అరవై ఎనిమిదో అధ్యాయం. ఆటబొమ్మలు తొంభై అయిదు. మా దేవదూతని తొంభై అయిదులో వేశారు. ఐఎస్ఐ మార్కు లేని ఆటబొమ్మని దేశంలోకి రానివ్వరు కనక ఆపేశారు.

"తొంభై అయిదేంట్రా? బైబిల్లో కీర్తనా?" అన్నాడు మావయ్య.

"కీర్తనయితే పాడేసి తెచ్చుకునేవాళ్లం మావయ్యా. ఇది టారిఫ్."

ఏజెంటుకి ఫోన్ చేశాను. "ఫొటో చూశారు కదండీ. నలుగురు పడితే గాని లేవదు. దాంతో ఏ పిల్లాడు ఆడుకుంటాడండీ?"

"అది నీకూ తెలుసు, నాకూ తెలుసు బాబూ. కాగితానికి తెలియాలి."

"మరి మీరు డాల్ అని ఎట్టా పెట్టారు?"

"బిల్లులో ఉంది కదా. నా అంతట నేను ఏంజెల్ అని రాశాననుకో. రేపు దాని కడుపులో గంజాయి దొరికితే నన్ను విడిపించడానికి ఏంజెల్ వస్తుందా?"

నాకు కోపం వచ్చింది. జోకు నాదానికన్నా బాగుండేసరికి ఇంకా వచ్చింది.

మళ్లీ మళ్లీ మెయిళ్లు పెట్టగా కస్టమ్స్ అధికారి వీడియో కాల్‌లో వింటానన్నారు. ఆయన తెలుగాయనే. తిట్టుకోవడానికి సందు ఇవ్వనంత మర్యాద. అలాంటివాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. అరిచేవాడి మీద తిరిగి అరవొచ్చు.

"పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆట కోసం కాదని ఎలా చెప్పగలరండీ?"

"సమాధి మీద పెట్టేదండీ."

"సమాధి మాట ఎక్కడుంది? బిల్లులో డాల్, మీ డిక్లరేషన్‌లో డాల్. ఇప్పుడేమో విగ్రహం అంటున్నారు."

మావయ్య కెమెరాలోకి దూరిపోయేంత దగ్గరికి వచ్చాడు. "అయ్యా, మనలో బొమ్మంటే విగ్రహమేనండీ. మీరూ తెలుగువారే కదా. మీ ఇంట్లో బొమ్మల కొలువు పెట్టరా?"

"పెడతామండీ. అవి డాల్సే కదా."

మావయ్య వెనక్కి జరిగి కుర్చీలో కూలబడ్డాడు.

"సార్, మా అక్క చచ్చిపోయింది," అన్నాను. గొంతు నేననుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "ఆటకి ఇక్కడెవరూ లేరు."

"సారీ అండీ. విగ్రహం కిందకే మారుద్దాం," అన్నారాయన. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో అడిగారు. "అయితే అది అసలు రాయా? రాతిపొడీ జిగురూ కలిపి పోత పోసిందా? పోతదయితే నంబరు వేరు."

"పాలరాయేనండీ," అన్నాడు మావయ్య.

"తెల్లగా ఉన్నదల్లా పాలరాయి కాదండీ. శాంపిల్ ల్యాబుకి వెళ్లాలి."

జాలి పడటం కూడా నంబరు ప్రకారమే ఉంటుందని అప్పుడు తెలిసింది. పండగ వచ్చేసింది. ల్యాబు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ మధ్యాహ్నం గుడివాడ నుంచి బయల్దేరాం. దారంతా మావయ్య ఒకటే మాట. "నువ్వు చెప్పరా. నీకు మాటలొచ్చు." సమాధుల దొడ్డి తెల్లగా మెరిసిపోతోంది. చుట్టూ బంతిపూలు, కొవ్వొత్తులు. అక్క సమాధి తల దగ్గర మాత్రం బూడిదరంగు దిమ్మ బోసిగా ఉంది.

"బొమ్మ రాలేదా వదినా?" అని పక్క సమాధి దగ్గర నుంచి ఒకావిడ అడిగింది.

"దారిలో ఉంది," అంది పెద్దమ్మ.

నేను ఆవిణ్ణి పక్కకి పిలిచి అధ్యాయాలు, ఐఎస్ఐ, ల్యాబు అన్నీ చెప్పాను. నాకు మాటలొచ్చు. ఒక్కటీ పనికిరాలేదు.

"అది ఆడుకునేది కాదని మనం రుజువు చెయ్యాలా?"

"అవును పెద్దమ్మా."

ఆవిడ కొంగుతో దిమ్మ మీద దుమ్ము దులిపి, ఎక్కి కూర్చుంది. మోకాళ్లు ముడుచుకుని వాటి మీద గడ్డం ఆనించింది. చుట్టుపక్కల పాటలు తగ్గిపోయాయి. ప్రార్థన చెయ్యడానికొచ్చిన పాస్టరుగారు ఆగిపోయారు.

"అమ్మా, కుర్చీ తెప్పించమంటారా?"

"వద్దు అయ్యగారూ. అది వచ్చేదాకా ఈ చోటు ఖాళీగా ఉంచను. మీరు ప్రార్థన చెయ్యండి."

ఆయన కళ్లు మూసుకున్నారు. నా జేబులో ఫోన్ మోగింది. ఏజెంటు.

"బాబూ, శాంపిల్ చాలలేదంట. ఇంకో ముక్క కావాలి. రెక్కలోంచి తియ్యమందామా, కాల్లోంచా?"

"అడుగున తియ్యమనండి! ఎవరికీ కనపడని చోట తియ్యడానికి ఏం రోగం?" అని అరిచాను. ప్రార్థన ఆగింది.

"మొదట అడుగునే తీశారు. అక్కడంతా చైనావాళ్లు పూసిన సిమెంటే, రాయి సరిగ్గా రాలేదంట."

"ఎవర్రా?" అంది పెద్దమ్మ, దిమ్మ మీంచి కదలకుండా.

చెప్పాను. మెత్తగా చెప్పే దారి దొరకలేదు. ఆవిడ సమాధి మీది బంతిపూల వైపు చూసింది.

"రెక్క ముట్టుకోవద్దను. కాలయితే పూలతో కప్పుకోవచ్చు."

"కాలు," అన్నాను ఫోన్లో.

"అభ్యంతరం లేదని మెయిల్ పెట్టు బాబూ. ఇప్పుడే."

పాస్టరుగారు ప్రార్థన మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. మా అక్క సమాధి పక్కన నిలబడి, దేవదూత కాలు పగలగొట్టుకోవడానికి మాకెలాంటి అభ్యంతరమూ లేదని టైపు చేశాను. 'డియర్ సర్' అని మొదలుపెట్టాను. అదీ అబద్ధమే.