లాండ్రీ పిన్ని అడుగులు

నిద్ర మీద లావుపాటి పుస్తకాలు ఎన్నో ఊళ్ల గ్రంథాలయాల్లో చదివాను. చాలావాటిని చదువుతూనే నిద్రపోయాను కనుక వాటిమీద నాకు ఫిర్యాదేమీ లేదు. నిద్ర సంగతి నాకు సరిగ్గా తెలిసింది మాత్రం ఒక విశ్వవిద్యాలయ హాస్టల్లో బట్టలు ఉతికే ఆవిడ వల్ల. అందరూ లాండ్రీ పిన్ని అంటారు. యాభై దాటాయి. కింద మెషీన్లో ఉతికిన తడి దుప్పట్లను పొద్దున ఒక దఫా, సాయంత్రం ఒక దఫా నాలుగంతస్తులు మోసి డాబా మీద ఆరేస్తుంది. లిఫ్టు ఉందిగా అంటే, "అది నేనెక్కితేనే ఆగిపోద్ది అన్నయ్యగారూ, నామీద పగ" అంది.

రెండో అంతస్తులో ఒక కుర్రాడున్నాడు. తెల్లవార్లూ ఫోను చూసి పొద్దున పడుకుంటాడు కనుక గుడ్లగూబ అనేవారు. ఎనిమిదింటి ల్యాబు ఇంకొక్కసారి ఎగ్గొడితే పరీక్షకు కూర్చోనివ్వరు.

అప్పుడే ఒక పరిశోధకురాలు, నిద్రనూ నడకనూ లెక్కపెట్టే పట్టీలు విద్యార్థుల చేతులకు కట్టింది. తన అంకెలు చూసి స్నేహితులు ఏడిపిస్తారని గుడ్లగూబ తన పట్టీని పిన్ని చేతికి తగిలించాడు. "వారం ఉంచుకో పిన్నీ, గాజనుకో."

వారం తిరిగాక, ఆదివారం పొద్దున పదింటికి ఆ పరిశోధకురాలు గుడ్లగూబ గదికి పరుగున వచ్చింది. "రోజుకి పద్దెనిమిది వేల అడుగులు! తొమ్మిదిన్నరకి పడుకుంటే ఐదింటిదాకా కదలడు. ఎవరండీ ఈ మహానుభావుడు?"

మహానుభావుడు ముసుగుతన్ని గురక పెడుతున్నాడు.

గుమ్మం దగ్గర దుప్పట్ల మూటతో నిలబడ్డ పిన్ని నవ్వాపుకోలేక పట్టీ ఉన్న చెయ్యి చాపింది. "ఆ అడుగులు నావమ్మా. వీడివి మంచం నుంచి బాత్రూముదాకానే."

కుర్రాడు గబుక్కున లేచి కూర్చున్నాడు. "సారీ మేడం. పిన్నీ, రాత్రి పడుకుంటే నిద్ర రావట్లేదే. గురువారం ల్యాబుకి లేవకపోతే నా ఏడాది పోతుంది."

"ఎలా వస్తుందిరా, ఒళ్లు అలిసిందా పాడా? రేపట్నుంచి సాయంత్రం దుప్పట్లు నువ్వే మొయ్యి."

సోమవారం మూటతో సహా రెండో అంతస్తులో కూలబడ్డాడు. "ఒరే, డాబా మీదకి రమ్మన్నాను, నీ గదికి కాదు!" అని పైనుంచి కేక. ఆ రాత్రి రెండింటికి గానీ కన్ను మూతపడలేదు. మంగళవారం పన్నెండయింది. బుధవారం కాళ్లు పీకుతుంటే ఫోను చేతిలో ఉండగానే నిద్ర పట్టేసింది.

గురువారం ఎనిమిదికి పది నిమిషాలుందనగా తల దువ్వుకోకుండానే ల్యాబు ముందు నిలబడ్డాడు. తాళం తీయడానికి వచ్చిన అటెండరు ఎగాదిగా చూసి, "ఎవరు బాబూ? కొత్తగా చేరావా?" అన్నాడు.

హాజరుపట్టీలో మొదటి సంతకం అతనిదే. హాస్టల్లో పిన్ని అప్పటికే పొద్దుటి దఫా ముగించి కిందికి దిగుతోంది.