వడ్ల కుప్ప మీద పరిచిన ముఖాలు

పోయిన యాసంగి కోతలప్పుడు రఘునాథపల్లి వడ్ల కొనుగోలు కేంద్రంలో కొండంత కుప్ప పోశాను. కొండ అన్నది అబద్ధం, నా నడుము ఎత్తు ఉంటుంది. తూకానికి కాంటా ఎప్పుడు పెడతారో తెలియదు. పొద్దున వడ్లు ఎండకు నెరపడం, సాయంత్రం దగ్గరికి నెట్టడం. నడుము కంటే ముందు ఓపిక అరిగిపోయింది.

పక్క కుప్ప మా పొరుగూరి రైతుది. దాని మీద ఒక సినిమా హీరో పుట్టినరోజు ఫ్లెక్సీ కప్పాడు. అవతలి కుప్ప మీద ఒక నాయకుడు చేతులు జోడించి పడుకుని ఉన్నాడు. టార్పాలిన్లు అందరికీ అందవు కాబట్టి, మా దగ్గర పెద్దపెద్దవాళ్లంతా చివరికి వడ్ల మీదికే చేరతారు.

"ఇంకో వెయ్యేండ్లయినా మా హీరో యాదికుంటడు బాపు," అన్నాడు పక్క రైతు.

"పోయినసారి ఎలక్షన్ల ఓడిపోయినాయన మొఖం యాదున్నదా నీకు?"

కాసేపు ఆలోచించాడు. "మీసాలుంటుండె గద."

"మీసాలు నాకు గూడ ఉన్నయి."

ఆ హీరోకు నేనొకసారి షేక్‌హ్యాండ్ ఇచ్చాననీ, చెయ్యి వెన్నలా ఉందనీ అతనికి చెప్పాను. నిజానికి జనగామలో ఆయన కారు పోతుంటే వెనక నిలబడి దుమ్ము మింగాను.

మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మింది. నా పాత టార్పాలిన్ పరదా నిండా చిల్లులే. వడ్లు తడిస్తే తేమ ఎక్కువుందని కాంటా పెట్టరు, మళ్లీ మొదటి నుంచి ఎండబెట్టాలి. ఇక అది నావల్ల కాదు. ఇంటికి ఫోన్ చేస్తే కోడలు స్కూటీ మీద వచ్చింది.

"ఇంట్ల గిదొక్కటే ఉన్నది మామా," అంది, నా వైపు చూడకుండా.

మడత చూడగానే తెలిసింది. నా భార్య దశదినకర్మ నాడు ఇంటి ముందు కట్టిన ఫ్లెక్సీ. జనగామ షాపువాళ్లు ఆధార్ కార్డు ఫోటోను పెద్దది చేసి, ఆమె ఎన్నడూ కట్టని పట్టుచీర అతికించి, వెనక తెల్ల మబ్బులు వేశారు. ఆమె అట్లా ఉండేది కాదు. అయినా ఆమె ముఖం అంత పెద్దగా ఉన్నది అదొక్కటే.

"వద్దు బిడ్డా, తీస్కపో."

"వడ్లు తడుస్తయి మామా. అత్తమ్మ ఉంటె ఏమంటుండె?"

నాకు తెలుసు. బొమ్మ తింటవా, బువ్వ తింటవా అనేది.

చినుకులు మొదలయ్యాయి. చెరో కొస పట్టి కప్పాం. ముఖం లోపలికి పెడదామనుకున్నాను గానీ గాలికి తిరగబడి పైకే వచ్చింది. అంచుల మీద రాళ్లు పెట్టి షెడ్డు కిందికి పోయాం. వాన చాలాసేపు కొట్టింది. ఆమె చెంప దగ్గర గుంటపడి నీళ్లు నిలవడం చూస్తూ నిలబడ్డాను.

తెల్లారి కాంటా మొదలుపెట్టారు. భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన హమాలీ ఒకతను కుప్ప ఎక్కి, నిలిచిన నీళ్లను కాలితో నెట్టేస్తూ అడిగాడు. "ఈమె ఏ పార్టీ బాపు?"

"మూడుసార్లు గెల్చింది. మంత్రి గూడ చేసింది," అన్నాను.

"అయ్యుంటది. నాకు యాదికొస్తలేదు."

మంత్రి అన్నా అతని కాలు ఆగలేదు. నా అబద్ధానికి మామూలుగా నాకే నవ్వొస్తుంది, ఆ రోజు రాలేదు.

"ఉత్తదే చెప్పిన కొడుకా. మా ఇంటామె. నిరుడు పోయింది."

కాలు తీశాడు. కుప్ప దిగి, భుజం మీది తువ్వాలతో ఆమె ముఖం తుడిచాడు. "గా ముచ్చట ముందుగాల చెప్పాలె గద బాపు," అన్నాడు.

ఒక మూల తప్ప వడ్లు తడవలేదు. పక్క రైతు నాకంటే ముందే కాంటా అయిపోయి, వడ్లు లారీ ఎక్కించి వెళ్లిపోయాడు, వెయ్యేండ్ల హీరో అక్కడే బురదలో ఉన్నాడు. నేనూ హమాలీ కలిసి ఆమెను పాత మడతల మీదే మడిచాం. ఒక కన్ను దగ్గర రంగు లేచిపోయింది.

ఇంటికి పోయాక కోడలు అందుకుంది. "అటుక మీద పెట్టాల్నా మామా?"

"కిందనే పెట్టు బిడ్డా," అన్నాను. "వానకాలం వడ్లకు మల్ల అక్కరపడ్తది."